స్టెప్నీకి పెట్టిన బొట్టు

2001 మార్చి పన్నెండున ఇంటిల్లిపాదీ ఓళిగలు తిన్నారు. కోయిలకుంట్లలోని ఆ ఇంటికి మారుతి కారు వచ్చిన రోజు అది. రాఘవేంద్రప్రసాద్ భార్య రాజ్యలక్ష్మి నాలుగు టైర్లకూ పసుపు పూసి కుంకుమ పెట్టి, డిక్కీ కూడా తెరిపించింది. “దీన్ని మరిస్తే అలుగుతాది” అని నవ్వుతూ స్టెప్నీకీ బొట్టు పెట్టింది.

ఏళ్లు గడిచాయి. ఆమె పోయి రెండేళ్లయింది. టైర్లు అరిగిపోయాయని కూతురు హరిత పోరు పెడితే, ఆయన నంద్యాలలో మస్తాన్ దుకాణానికి వెళ్లి నాలుగు కొత్తవి ఎంచుకున్నాడు. మస్తాన్ స్టెప్నీని బయటికి తీశాడు.

“ఇదీ మార్చాల సార్. రోడ్డెక్కకపోయినా పగుళ్లొచ్చినాయి. పాతవన్నీ ఈడే పడేయండి.”

రబ్బరు మీద పసుపు మరక, దాని నడుమ రాజ్యలక్ష్మి వేలి కొసంత ఎర్రటి గుర్తు ఇంకా ఉన్నాయి. దుమ్ము తుడవబోయిన ఆయన చెయ్యి ఆగిపోయింది.

“కొత్తది వెయ్యప్పా. ఇది మాత్రం నాతో వస్తాది.”

“ఏం చేస్తారు సార్, ఉయ్యాల కడతారా?” అని నవ్విన మస్తాన్ ఆ గుర్తు చూశాడు. వెనక సీట్లో గోనెపట్టా పరిచి, మరక పైకి ఉండేలా తనే దాన్ని పడుకోబెట్టాడు.

ఆ రాత్రి టైరు ఆయన మంచం పక్కన గోడకు ఆనుకుని ఉంది. నీళ్లచెంబు తెచ్చిన హరిత గుమ్మంలోనే ఆగింది. ఏమంటుందోనని ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆమె చెంబు కిందపెట్టి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.