పద్దెనిమిదో పేరు

పద్దెనిమిదో పేరు దగ్గర లాప్‌టాప్ మళ్లీ బిగుసుకుపోయింది. తెర మధ్యలో చక్రం ఒక్కటే తిరుగుతోంది. గురమ్మ లేచి, గుమ్మం బయట ఆరబెట్టిన నెత్తళ్లను మూడు వరుసలు తిరగేసి వచ్చింది. చక్రం తిరుగుతూనే ఉంది. ఆమెకు ఒళ్లు మండింది.

పచ్చిచేపలు, ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ల సంఘానికి ఆమె పెద్ద. ఐసు పెట్టెలు కావలసిన ముప్పై ఒక్కరి పేర్లు సాయంత్రం నాలుగింటికల్లా శ్రీకాకుళం ఆఫీసులో అందాలి. అందకపోతే ఈ ఏడాది కూడా పెట్టె రాదు. ఆ "కూడా" అన్న మాటే ఆమెకు మింగుడుపడదు.

యుగంధర్‌కి ఫోన్ చేసింది. అరసవల్లిలో కంప్యూటర్ షాపు అతనిది. ఎవరో వాడి వదిలేసిన ఈ లాప్‌టాప్‌ని సంఘానికి ఇచ్చినప్పుడు, అందులో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించింది అతనే. పది గంటలకు బండి మీద వచ్చాడు.

"ర్యాము ఒక్క జీబీయే గదమ్మా. నానే అందంగా ఉంటాదని తెర మీద బొమ్మలు, కిటికీలు సూపించే పెద్ద డెస్క్‌టాప్ ఏసినాను. కిటికీలెలా తేలుకుంటా వస్తన్నాయో సూడు. నీడలు కూడా పడతాయి."

"నీడలెవులడిగినారు బాబూ?"

"పెద్ద బొమ్మలైతే మీకు సులువని..."

"ఏం? నాకు అచ్చరాలు రావనుకున్నావేటి?"

గురమ్మ పలక పట్టింది యాభై మూడో ఏట. చేపల తట్ట దించి, చేతులు కడుక్కుని, రోజూ సాయంత్రం బడికి నడిచి నేర్చుకున్న చదువు అది. యుగంధర్ దయతలచి తెర మీద బొమ్మల కింద పేర్లు కూడా తీసేశాడు.

"పోనీ ఆ పేర్ల పుస్తకం ఇలాగియ్యమ్మా. షాపులో టకటకా కొట్టేసి నానే ఇచ్చేత్తాను."

"పోయినేడు కొట్టినావు గదరా!"

"బాబూ" అన్న పిలుపు అక్కడితో సరి. నిరుడు జాబితా కొట్టిందీ అతనే. భర్త పేరేమిటని ఒక్కొక్కరినీ అడిగాడు. ఈ పేటలో ఆడది మొగుడి పేరు నోటితో పలకదు. మొగుళ్లున్నవాళ్లకు మొగుళ్లే వెనక నిలబడి చెప్పారు. మొగుడు పోయిన నలుగురూ తల దించుకుని ఊరుకున్నారు. గడి ఖాళీగా ఉంటే ఆఫీసులో తీసుకోరని, అతను ఆ నాలుగు వరుసలూ తీసేశాడు. ఎవరికీ చెప్పలేదు. పెట్టెలు పంచిన రోజు దేముడమ్మ, ఈశ్వరి, కూర్మమ్మ, గురమ్మ ఖాళీ చేతులతో ఇంటికొచ్చారు.

"అడిగితే మీరు సెప్పనేదు. నన్నేటి సెయ్యమంటావు?"

"పక్కమనిషిని అడగలేవా? మీ యమ్మ పలుకుతాదేటి, మీ నాయన పేరు?"

యుగంధర్ సంచిలోంచి నెట్ డాంగిల్ తీసి లాప్‌టాప్‌కి గుచ్చాడు.

"తేలిక డెస్క్‌టాపులు రెండున్నాయి. రెండూ ఏత్తాను. నీకు నచ్చింది ఉంచుకో."

అవి ఎక్కేసరికి పన్నెండు దాటింది. మొదటిది ఎక్స్‌ఎఫ్‌సీఈ. గురమ్మ జాబితా మీద నొక్కి, బయటకు వెళ్లి నెత్తళ్లు తిరగెయ్యసాగింది. వరుస పూర్తవుతుండగా "తెరుసుకున్నాదమ్మా" అని లోపల్నుంచి కేక వినిపించింది. రెండోది ఎల్‌ఎక్స్‌డీఈ. ఈసారి సగం వరుసకే కేక పడింది.

"ఇదే ఉండనీ."

"ఇది మరీ పాతకాలపు దాన్నాగ ఉంటాదమ్మా. మొదటిది సూడ్డానికి బాగుంటాది."

"దాంతో నువ్వు కాపరం సేత్తావేటి? బొమ్మల కింద పేర్లెట్టు. తెలుగులో ఎట్టు."

పెట్టాడు. బిగుసుకున్నప్పుడు పోయినవి పోగా, పద్దెనిమిది పేర్లలో పదకొండే మిగిలాయి. పక్కవాళ్లనడిగి భర్తల పేర్లు కూడా రాసుకున్న పుస్తకం చూస్తూ, గురమ్మ ఒక్క వేలితో మళ్లీ మొదలుపెట్టింది. మధ్యలో అతను "నాను కొట్టేత్తాను, బేగి అయిపోద్ది" అని చెయ్యి చాపాడు. ఆ చేతి మీద చెళ్లున కొట్టింది.

ముప్పై ఒకటో వరుస తనది. భర్త పేరు గడి దగ్గర వేలు కాసేపు ఆగింది. కాపురం చేసిన ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి కూడా పలకని పేరు. నోరు మూసుకునే ఒక్కో అక్షరం వెతికి కొట్టింది.

"లక్ష్ముడు," అని యుగంధర్ పైకి చదివాడు. "మీ ఆయన పేరా అమ్మా?"

"సదవకు. ఆఫీసోళ్లకి రాసినాను, నీకు కాదు."

పెన్‌డ్రైవ్ లోకి జాబితా ఎక్కించి, దాన్ని తీసి కొంగున ముడేసుకుంది.

"బండి తియ్యి. నీ షాపులోనే పింటు తీద్దాం. కాయితం బయటికొచ్చినప్పుడు వరసలు నాను లెక్కెడతాను. ముప్పై ఒకటీ ఉంటేనే నీ షాపు గుమ్మం దిగుతాను."