టీనా వినని సాక్ష్యం

నా పేరు జ్ఞానవతి. దేశం కాని దేశంలో, ఏజాక్స్ అనే ఊళ్ళో కారు ఇన్సూరెన్సు పాలసీలు చేయించి పెడుతుంటాను. మా తెలుగు క్రైస్తవ సంఘంలో జనం తమ తప్పులు ఆదివారం పాస్టర్ క్రీస్తుదాసు గారికి చెప్పుకుంటారు, మిగతా వారమంతా నాకు చెప్పాలి. ఆయనకు చెప్తే ప్రార్థన చేస్తారు. నాకు చెప్తే ప్రీమియం పెరుగుతుంది. అందుకే నా టేబుల్ ముందు కూర్చున్న ప్రతివాడూ పరిశుద్ధుడే.

ఆ శనివారం టీనా వచ్చింది. అమలాపురం పిల్ల. స్టూడెంట్ వీసా మీద వచ్చి, వృద్ధులకు సేవ చేసే కోర్సు చదివింది. భర్త షాలేమ్ ఆమె వెనకాలే ఎక్కడైనా పని చేసుకోనిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వచ్చి మిల్టన్ అనే ఊళ్ళో ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాడు. వీళ్ళు వచ్చిన రెండేళ్ళలో ఇలాంటి పిల్లలు ఎంతమంది దిగారంటే, మేము ఆరాధనకు అద్దెకు తీసుకునే స్కూలు హాల్లో కుర్చీలు చాలక వెనక గోడకి ఆనుకుని నిలబడేవారు.

"ఉద్యోగం వచ్చిందాంటీ!" అంది కూర్చోకుండానే. ఊరికి ఉత్తరాన ఉన్న వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పర్మనెంట్ ఉద్యోగమట. ఇక్కడ శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్‌కి అప్లై చేయాలంటే అదే ఆధారం. తెల్లారేసరికి డ్యూటీలో ఉండాలి. ఆ వేళకి అటు బస్సు లేదు. అందుకని పాత కారు ఒకటి బేరం చేశారు, ఇన్సూరెన్సు కాగితం చూపిస్తే అమ్మేవాడు తాళాలు ఇస్తాడు. "నాకు లైసెన్సు కొత్త కదా, హైవే అంటే భయం. పొద్దున్నే ఆయనే దింపుతారు. కారు నా పేరు మీద, ఇద్దరినీ డ్రైవర్లుగా పెట్టండి."

నేను వరసగా ప్రశ్నలు అడుగుతూ వెళ్ళాను. ఆమెకు టికెట్లు లేవు, యాక్సిడెంట్లు లేవు.

"షాలేమ్‌కి? టికెట్లు గానీ, లైసెన్సు సస్పెన్షన్ గానీ?"

"అయ్యో, ఆయనకా? ఆయన చాలా జాగ్రత్తండీ."

ఎంత ధీమాగా చెప్పిందంటే నేను రాయడం ఆపేశాను. ఎందుకంటే ఆ పిల్లవాడి సాక్ష్యం నేను ముందు వరసలో కూర్చుని విన్నాను.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం. దేవుడు తమకు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పాస్టర్ గారు అడగ్గానే షాలేమ్ లేచి మైకు అందుకున్నాడు. స్నేహితుడి కారులో నాలుగు వందల ఒకటో నంబరు హైవే మీద నూట అరవై కిలోమీటర్ల స్పీడులో వెళ్తుంటే పోలీసులు ఆపారట. కారు ఎత్తుకుపోయారు, లైసెన్సు నెల రోజులు సస్పెండ్ చేశారు. రోడ్డు పక్కన ఏడుస్తూ నిలబడి ఉండగా, కాస్త ముందు ఒక లారీ అడ్డం తిరిగి కార్లన్నీ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయట. "నన్ను ఆపకపోతే నేనూ అందులో ఉండేవాణ్ణి. ఆ పోలీసు రూపంలో దేవుడే నాకు అడ్డం వచ్చాడు!" అన్నాడు. హాలంతా స్తోత్రం అని మార్మోగింది. టీనా అప్పట్లో ఆదివారాలు కాఫీ షాపులో డ్యూటీ చేసేది. భార్యకు చెప్పకుండా ఎవడైనా మైకులో చెప్తాడా? తెలిసే ఉంటుందనుకున్నాం అందరం.

ఇప్పుడు నేనేం చేయాలి? తెలిసి తెలిసి "ఏమీ లేవు" అని రాయలేను. అతను చెప్పాల్సిన మాట నేను చెప్పలేను. "ఇది అతను తన నోటితో చెప్పాలమ్మా, ఫోన్ చేసి రమ్మను" అన్నాను.

షాలేమ్ బస్సు దిగి వస్తుండగానే చూసి, టీనాని లోపలే కూర్చోబెట్టి బయటికి వెళ్ళాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"వందనాలాంటీ" అన్నాడు నవ్వుతూ.

"నీ వందనాలు తర్వాత. సస్పెన్షన్ సంగతి ఆ పిల్లకి చెప్పావా?"

అతను అద్దంలోంచి లోపల టీనా కేసి చూశాడు. "ఇన్సూరెన్సు కంపెనీకి తెలుస్తదా ఆంటీ?"

"నీ రికార్డు వాళ్ళెలాగూ తీస్తారు. తీయకపోయినా, రేపు ఏదైనా జరిగితే అబద్ధం చెప్పారని పైసా ఇవ్వరు. పాలసీ ఎవరి పేరు మీద? సంతకం ఎవరిది? నీ అబద్ధానికి ఆ అమ్మాయి చేత సంతకం పెట్టిస్తావా?"

తల దించుకున్నాడు. "కోర్టులో శిక్ష కూడా పడిందాంటీ. ఫైన్ కట్టేశా."

"మూడొందల మంది ముందు మైకులో చెప్పినవాడివి, ఇంట్లో ఒక్కదానికి చెప్పలేకపోయావా?"

"అక్కడ అందరూ స్తోత్రం అంటారండీ," అన్నాడు మెల్లగా. "టీనా ఏమంటదో తెలీదు కదా."

ఆ మాటకి నా కోపం సగం చల్లారిపోయింది. భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చాను.

చెప్పాడు. మైకులో చెప్పినట్టు కాదు, నేల చూస్తూ, ముక్కలు ముక్కలుగా. టీనా ముఖం మొదట అర్థం కానట్టుగా ఉంది, తర్వాత మెల్లగా బిగుసుకుపోయింది.

"ఏ రోజు?" అంది.

"నీ ట్రైనింగ్ అప్పుడు... బస్సు వెళ్ళిపోయిందని ఏడుస్తూ ఫోన్ చేశావే, ఆ రోజు."

"కారు బ్యాటరీ పోయిందన్నారు!"

"నువ్వు చలిలో ఒక్కదానివీ ఉన్నావని... ఏమీ ఆలోచించలేదు. తర్వాత చెప్తే నీ వల్లే అయిందని బాధపడతావని..."

ఈ సంగతి మైకులో చెప్పలేదు. ఎక్కడికి అంత హడావిడిగా వెళ్తున్నావని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

టీనాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఇంతసేపూ మీరు అన్న మనిషి నువ్వులోకి దిగింది. "నా వల్ల ఎందుకవుద్ది? రమ్మన్నాను గానీ ఎగురుకుంటా రమ్మన్నానా? నీకేమన్నా అయ్యుంటే నేనేం చెయ్యాలి ఈ దేశంలో? ఆ బస్టాప్‌లో కాళ్ళు కొయ్యబారిపోయి నిలబడ్డాను, ఆఖరికి ఓ నర్సు ఇంటికి దింపింది. నీ మీద ఒక్క మాట అన్లేదు, బ్యాటరీ పోతే పాపం ఏం చేస్తాడులే అనుకున్నాను!" అతని కేసి సూటిగా చూసింది. "ఇంకా ఎవరికి తెలుసు?"

షాలేమ్ నా వైపు చూశాడు. నేనే చెప్పాల్సి వచ్చింది. "సంఘంలో సాక్ష్యం చెప్పాడమ్మా."

"అందరూ విన్నారా?"

"విన్నారు."

"స్తోత్రం అన్నారా?"

"అన్నారమ్మా. నేనూ అన్నాను."

అప్పుడు ఏడ్చింది. సస్పెన్షన్‌కి కాదు, ఫైన్‌కీ కాదు. ఊరందరికీ తెలిసి తనకొక్కదానికే తెలియనందుకు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి ఆమెను దగ్గరికి తీసుకున్నాను.

కాస్త తేరుకున్నాక ఉన్న దారులు చెప్పాను. షాలేమ్‌ని డ్రైవర్‌గా పెడితే వచ్చే ప్రీమియం వీళ్ళు భరించలేరు, కొన్ని కంపెనీలైతే అసలు తీసుకోవు. రెండోది, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పేసి, ఈ కారు షాలేమ్ నడపడని ఇద్దరూ రాసిచ్చి, అతన్ని పాలసీలోంచి తప్పించడం. అలా చేస్తే పక్కన కూర్చోవచ్చు గానీ, మంచు తీశాక కారు కాస్త వెనక్కి జరపడానికి కూడా స్టీరింగ్ ముట్టుకోకూడదు.

"నన్ను తప్పించండాంటీ" అన్నాడు షాలేమ్ వెంటనే.

"మరి నన్నెవరు దింపుతారు?" అంది టీనా భయంగా.

"నువ్వే నడుపు. డ్యూటీ మొదలయ్యేలోపు రోజూ ప్రాక్టీస్ చేద్దాం. నేను పక్కనే కూర్చుంటా."

"అరుస్తావు."

"అరవను."

"బ్రేకు బ్రేకు అంటావు."

"అనను టీనా. నువ్వు అడిగితేనే చెప్తా."

టీనా అతని ముఖం చాలాసేపు చూసింది. నమ్మిందో, ఉద్యోగం కోసం నమ్మక తప్పలేదో నాకు తెలియదు. కళ్ళు తుడుచుకుని, "ఎక్కడ సంతకం పెట్టాలాంటీ?" అంది. ఆమె తర్వాత షాలేమ్ పెట్టాడు. కాకినాడలో పదహారో ఏట నుంచి బండి నడిపిన కుర్రాడు, ఇక ఈ కారు నడపనని రాసిచ్చాడు.

కొన్ని వారాల తర్వాత, టీనాకు సెలవు దొరికిన ఒక ఆదివారం, స్కూలు పార్కింగ్‌లోకి వాళ్ళ కారు నత్తలా వచ్చింది. స్టీరింగ్ దగ్గర టీనా, మెడ ముందుకు చాచి. రెండు గీతల మధ్య పెట్టాల్సిన కారును గీత మీదే పెట్టింది. పక్కన షాలేమ్ రెండు చేతులూ ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. దిగాక కారు కేసి చూశాడు, గీత కేసి చూశాడు, నోరు మెదపలేదు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆరాధనలో పాస్టర్ గారు సాక్ష్యాల కోసం అడిగారు. అలవాటుగా షాలేమ్ సగం లేచాడు. లేచినవాడు ఆగి, మళ్ళీ కూర్చుని, టీనా చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. పాస్టర్ గారు మైకు పట్టుకుని ఎదురు చూస్తున్నారు. జనమంతా వెనక్కి తిరిగి చూస్తున్నారు. అతను తొందరపడలేదు, చెప్పాల్సిందంతా చెప్పాడు. టీనా ఆఖరుదాకా విని, తల ఊపింది.

అప్పుడు లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు.