లాగకూడని తాడు

పొయ్యి తలుపు ఊడదీసి, బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎల్విన్ పెల్కీ దాని గాడిలోని పాత తాడును పీకుతున్నాడు. గాజునారతో అల్లిన తాడు, చిటికెనవేలంత లావు. కాలి కాలి, ముట్టుకుంటే పొడిగా రాలుతోంది. లోపలి బూడిద అప్పటికే తీసేశాడు. పొగను బయటికి తోసే ఫ్యాను విప్పి, దాని వెనక సందు మూసే కొత్త గాస్కెట్ పెట్టి బిగించాడు. ఇక మిగిలింది తలుపు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, బంగాళాదుంపల తవ్వకాలు మొదలయ్యేలోగా ఇంటింటికీ తిరిగి ఇల్లు వెచ్చబెట్టే చెక్కగుళికల పొయ్యిలు బాగుచెయ్యడం అతను ముప్పై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని. అరవై ఆరేళ్లవాడు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది, పిల్లలు లేరు. ఊళ్లో అందరూ అతన్ని ఎరుగుదురు. తలుచుకునేది మాత్రం సెప్టెంబరులోనే.

ఇప్పుడు పని చేస్తున్న ఇల్లు వెర్నా గోస్లిన్‌ది. ఆమెకు ఎనభై నాలుగు. చిన్నప్పుడు ఎల్విన్ ఎక్కిన బడి బస్సు నడిపింది ఆమే. ఆ భయభక్తులు ఇంకా పోలేదు. ఆమె ఎదుట టోపీ తీసేస్తాడు.

కాఫీ పెడుతూ ఆమె మామూలు కబురులా చెప్పింది. ఫిబ్రవరిలో ఒక పొద్దున గదంతా పొగ వాసన, గోడమీది అలారం మోగిందట. మంచులో బయటికి నడిచి, కారులో మూడు గంటలు కూర్చుందట. ఆ తర్వాత కరెంటు హీటరుతో నెట్టుకొచ్చిందట. మేనకోడలు పట్నం కంపెనీ వాళ్లను పిలుద్దామంటే వద్దందట.

ఎల్విన్ చెయ్యి ఆగిపోయింది. "నాకు ఫోన్ చెయ్యకపోయారా?"

"చేస్తే వస్తావు. వస్తే నీ మొహం ఇదిగో, ఇలాగే ఉంటుంది. అంత చలిలో అది కూడా చూడాలా నేను?"

అతనికి సంగతి తెలిసిపోయింది. తాడును జిగురులో పరచాలే గాని లాగకూడదు. లాగి అంటిస్తే ఆ పూటకు నిండుగానే కనిపిస్తుంది. వేడి తగిలాక ముడుచుకుని, చివరలు కలిసే చోట సందు ఇస్తుంది. ఈ మాట అతను ఎందరికో చెప్పాడు. పోయినేడు ఈ తలుపుకు తాడు వేసేనాటికే వేళ్లకు స్పర్శ తగ్గింది, లాగుతున్నాడో పరుస్తున్నాడో తెలియలేదు. ఎవరితోనూ అనలేదు. పొద్దుటి నుంచి ఎడమ భుజంలో ఉన్న నొప్పి సంగతీ అనలేదు. ఆమె చచ్చిపోయి ఉండేది, తన చేతిపనికి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఈసారి వేళ్లను నమ్మలేదు. కొత్త తాడును గాడి పక్కన వదులుగా పేర్చి, బెత్తెడుకొకటి చొప్పున తాడుమీదా ఇనుముమీదా పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. జిగురు రాసి, గుర్తుకు గుర్తు కలుపుతూ నొక్కాడు. అరగంట పనికి రెండు గంటలు పట్టింది. ఆమె వడ్డించిన బీన్స్ చల్లారిపోయాయి.

తలుపు బిగించి, జేబులోంచి గుడ్డలా మెత్తబడిన డాలరు నోటు తీశాడు. తలుపు సందున నోటు పెట్టి, మూసి లాగాలి. జారివస్తే సందు ఉన్నట్టే. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే నోటు.

"మా ఇంట్లో పెట్టేది ఒక్క డాలరు. అదీ తిరిగి పట్టుకుపోతావు," అంది వెర్నా, ఏటా అనే మాటే.

పైన పట్టింది. కింద పట్టింది. గొళ్లెం వైపూ పట్టింది. చివరికి బందుల వైపు, పోయినేడు తాడు చివరలు కలిసిన చోట పెట్టి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. ఏడుపొచ్చినంత పనైంది.

"నోటును ఇలాగే ఉండనివ్వండి. జిగురు ఆరాలి, తలుపు తెరవొద్దు. రేపు నేనే వచ్చి తీసి, చిన్న మంట వేస్తాను."

"టోపీ మర్చిపోకు," అందామె.

అతను వెళ్లాక వెర్నా గిన్నెలు కడిగి కిటికీలోంచి చూస్తే అతని వ్యాను వాకిట్లోనే ఉంది. పావుగంటకూ కదల్లేదు. చేతికర్ర పట్టుకుని వెళ్లింది. ఎల్విన్ టోపీ ఒళ్లో పెట్టుకుని, కిటికీకి తల ఆన్చి ఉన్నాడు, బస్సులో నిద్రపోయిన పిల్లాడిలా. అతని చెయ్యి పట్టుకుని చూసింది. ఫోన్ చెయ్యడానికి లోపలికి వచ్చింది.

నాలుగోనాడు అతన్ని పూడ్చి వచ్చేసరికి ఇల్లు చల్లబడి ఉంది. వెర్నా పొయ్యి ముందు వంగి, నోటు కొస పట్టుకుని అతను లాగినట్టే లాగింది. తలుపు వదల్లేదు. ఆమె ఇంక లాగలేదు. తలుపు తెరవకుండానే మీట నొక్కింది. గుళికలు రాలి, మంట అందుకుంది. గదిలో పొగ వాసన లేదు. నోటు లోపలి కొస నల్లబడి ముడుచుకుంది, బయటి సగం బందు పక్కన కదలకుండా ఉంది.