బలహీన భాగస్వామి

నాలుగు ఊళ్ళ సైన్సు మ్యూజియాలు కలిసి ఒకే దరఖాస్తు పెడితేనే నిధులిస్తామని ఆ డబ్బిచ్చే సంస్థ మెలిక పెట్టింది. దాంతో నాలుగూ ఉన్నట్టుండి అన్నదమ్ములైపోయాయి. అప్పటిదాకా వాటి మధ్య ఉన్న చుట్టరికమల్లా ఒక్క మెకానిక్కే. ఆయన పని చేసేది అన్నిటికన్నా చిన్న మ్యూజియంలో. మిగతా మూడింట్లో ఏ యంత్రం మొరాయించినా సంచీ భుజానేసుకుని బస్సెక్కి పోయేవాడు.

ఆ చిన్న మ్యూజియం క్యురేటరుకు ఆయన సొంత బాబాయి. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమెకు నాన్నంటే ఆయనే.

పెద్ద మ్యూజియం డైరెక్టర్ని వెనకాల అందరూ మైకు సారంటారు. చేతికి దొరికిందంటే వదిలితేగా! నలుగురూ కూర్చున్న రోజు ఆయన దరఖాస్తు అటూ ఇటూ తిప్పి, "ఇదిగో, కిటుకంతా ఇక్కడుంది. జట్టులో 'బలహీన భాగస్వామి' ఒకరుంటే పది మార్కులు ఎక్కువట. అది మీరుండండమ్మా," అన్నాడు.

"మాది బాగానే నడుస్తోంది కదండీ."

"నాకు తెలీదూ? కాగితం మీదేగా! మీ కలానికున్న బలం మాకెవరికుంది చెప్పండి? చదివినవాడికి కళ్ళమ్మట నీళ్ళు రావాలి, అంతే."

ఆ పొగడ్తకి ఆమె ఉబ్బితబ్బిబ్బయింది. అక్కడే పప్పులో కాలేసింది.

కూర్చుని రాసింది. ఎప్పుడో ఒకసారి కారిన కప్పు ప్రతి వానకీ కారుతుందంది. ఆదివారం కిటకిటలాడే హాలు బోసిపోయి ఉంటుందంది. చివరికి సిబ్బంది గురించిన గడి మిగిలింది. తలెత్తి చూస్తే హాల్లో బాబాయి లోలకాన్ని సిద్ధం చేస్తున్నాడు. భూమి తిరుగుతోందని పిల్లలకి చూపించే లోలకమది. కప్పు నుంచి తీగ, దానికి ఇత్తడి గుండు, కింద గుండ్రంగా నిలబెట్టిన చెక్క మేకులు. గుండు ఊగుతూ ఊగుతూ ఒక్కో మేకునే పడగొడుతుంది. చేత్తో వదిలితే మాత్రం దారి తప్పుతుంది. అందుకని గుండుని ఓ పక్కకి లాగి దారంతో కట్టి, అది నిశ్చలమయ్యాక, అగ్గిపుల్లతో దారాన్ని కాల్చాలి. ఇరవయ్యారేళ్ళుగా రోజూ పొద్దున్నే ఆయన చేసే పని ఇది. ఏనాడూ ఆయన చెయ్యి తగిలి గుండు రవ్వంత కదల్లేదు.

సరిగ్గా ఆ చేతినే చూస్తూ ఆమె రాసింది: "ఉన్న ఒక్క మెకానిక్కూ ముసలివాడైపోయాడు. చేతులు వణుకుతాయి." ఎంత సిగ్గుమాలిన రాత! ఆయన చదవొచ్చాడా ఏంటిలే అనుకుంది.

నిధులొచ్చాయి. వెంట ఉత్తరమూ వచ్చింది. ఇంత బలహీనంగా ఉన్న మ్యూజియాన్ని మూసేసి, వస్తువుల్ని మిగతా మూడింటికీ పంచాలట. వణికే చేతుల్లో యంత్రాలుంచడం సందర్శకులకు ప్రమాదం కాబట్టి మెకానిక్కుని తప్పించాలట. క్యురేటరుకి మాత్రం పెద్ద మ్యూజియంలో ఉద్యోగం. ఏం ఉద్యోగమనుకున్నారు? దరఖాస్తులు రాయడం!

ఆమెకి తల తీసేసినట్టయింది. మైకు సారుకి ఫోను చేసింది.

"కాగితం మీదే అన్నారు కదండీ!"

"వాళ్ళు చూసేదీ కాగితాన్నేగా అమ్మా. అబ్బ, ఏం రాశారండీ! నాకే ఏడుపొచ్చింది."

"అదంతా అబద్ధమని రాసిచ్చేస్తాను."

"రాయండి. నాలుగింటికీ నిధులు పోతాయి. కింద సంతకం మీదే, గుర్తుందిగా?" అని పెట్టేశాడు.

ఆమె ఏ ఉత్తరమూ రాయలేదు. భయపడింది, అంతే.

"కళ్ళజోడు మర్చిపోయానమ్మడూ, వచ్చిన ఉత్తరంలో ఏముందో చదివి పెట్టు," అని బాబాయి అడిగితే, ఆయన చేతుల సంగతి వదిలేసి మిగతాదంతా గుక్కతిప్పుకోకుండా చదివింది. ఆయన తలూపి లేచి, హాలు ఊడ్చుకున్నాడు.

సామాను తీసుకుపోయే రోజు లారీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. ముందు దించాల్సింది లోలకాన్ని. విప్పడం ఆయనకి తప్ప ఎవరికీ రాదు కనుక ఆ పూటకి మాత్రం మైకు సారే పిలిపించాడు. విప్పేముందు ఆయన చివరిసారిగా మేకులు నిలబెట్టి, ఎప్పట్లాగే గుండుని దారంతో కట్టి, అగ్గిపెట్టె ఆమె ముందుకు చాపాడు.

"ఈ ఒక్కసారికీ నువ్వు వెలిగించు. నా చేతులు వణుకుతాయిగా."

"బాబాయ్..."

"మైకు సారు మొన్న ఫోన్లో ఆ ఉత్తరమూ, నీ దరఖాస్తూ నాకు మొత్తం చదివి వినిపించాడు. నువ్వు రెండు ముక్కలు వదిలేశావమ్మడూ."

మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది విరిగింది. మూడోది దారానికి తగిలేసరికి ఆమె వేళ్ళు గుండుకి తగిలాయి. అది అడ్డదిడ్డంగా ఊగి ఊగి నెమ్మదించింది. ఒక్క మేకూ పడలేదు.

"నన్ను తిట్టు బాబాయ్. నాలుగు తిట్టు," అంటూ ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

"నాకు నీలా మాటలు రావు కదమ్మా," అని ఆయన నిచ్చెనెక్కి, బోల్టు విప్పడం మొదలుపెట్టాడు.