సమాధిరాయి మీది ఇంటిపేరు

"ఏ ఇంటివాళ్ళన్నారు వదినా మీరు? ఏడు తరాలు చూసుకోవాలి కదా," అంది పెళ్ళికొడుకు తల్లి మక్వలా, జున్నురొట్టె తుంచుతూ. కొండల్లోని ఊరినుంచి రైల్లో ఆ ఉదయమే ఖషూరిలో దిగింది.

"ఖిదాషేలి," అంది ఎఫెమియా. పద్నాలుగేళ్ళుగా చెబుతున్నా ఆ పేరు పలికిన ప్రతిసారీ నాలుక ఎండుతుంది.

మక్వలా చెయ్యి ఆగిపోయింది. "దేవుడా! మా అమ్మ ఖిదాషేలీల ఆడపడుచే! మావాడు పుట్టకముందే పోయింది, వాడికేం తెలుసు పాపం. ఇంకేం పెళ్ళి వదినా, చెల్లెలి వరసైతే!"

తల్లివైపైనా తండ్రివైపైనా వాళ్ళలో ఏడు తరాల దాకా ఒకటే రక్తం, పెళ్ళి కుదరదు. పెళ్ళికూతురు నాతెలా లేచి వాకిట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పేరు ఎఫెమియాది కాదు. భర్తను ఎర్రసర్కారువాళ్ళు పట్టుకుపోయిన ఏడాది, పిల్లను చంకనేసుకుని పారిపోతూ దారిపక్కన సమాధిరాయి మీద చదివి పెట్టుకున్న పేరు. ఇప్పుడు నిజం చెబితే? ఈవిడ సంతలో నోరు జారితే? రేపే తలుపు కొడతారు, పిల్లనీ తీసుకుపోతారు. చెప్పకపోతే, ఎవరో చచ్చినవాడి పేరుకు బిడ్డ బతుకు బలి.

లేచి కిటికీ మూసింది. రెండుసార్లు తలుపు చూసుకుంది.

"అది మా పేరు కాదు వదినా. మావారు బాగ్రాతియోని."

ఆ దేశాన్ని వెయ్యేళ్ళు ఏలిన పేరది. బైబిల్లోని దావీదు మహారాజు సంతతి అని చెప్పుకున్న ఇల్లు. రష్యా చక్రవర్తి జారు గద్దె లాక్కున్నాక కొమ్మలుగా చెదిరిపోయింది; ఎర్రసర్కారు వచ్చాక ఆ పేరుంటే చాలు, కాల్చేసేవాళ్ళు.

"నేనేం వినలేదు," అంది మక్వలా. "రాజుల పిల్ల మా గొర్రెలు కాస్తుందా, ఏంటి?"

"కాస్తుంది. జున్నూ చేస్తుంది."

మక్వలా మూసిన కిటికీవైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది. "మావాడు మీ పిల్లను తప్ప ఇంకెవర్నీ చేసుకోనంటాడు. ఊళ్ళో ఒకటే చెప్పగలను. కన్నవాళ్ళు పోయారు, ఖిదాషేలీలు పెంచుకున్నారు, రక్తం వేరు అని. కానీ నువ్వు మా గడప తొక్కకూడదు వదినా. తల్లీకూతుళ్ళది ఒకటే పోలిక. పక్కన నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది."

"పెళ్ళికి కూడానా?"

"పెళ్ళికి కూడా."

ఎఫెమియా తలూపింది. పిల్ల ప్రాణంతో ఉంటుంది. అంతకంటే ఏం కావాలి?

మక్వలా కళ్ళు తుడుచుకుంది. "విందులో పోయినవాళ్ళను పేరుపేరునా తలుచుకుంటూ ద్రాక్షసారా గిన్నెలెత్తుతారు. పిల్ల కన్నతల్లి పేరడుగుతారు. ఏమని చెప్పను?"

వేరే ఏదో ఒక పేరు చెప్పడమే క్షేమం. ఎఫెమియాకు అది తెలుసు.

"ఎఫెమియా అనే చెప్పండి," అంది.