గట్టు మీద వట్టివేరు

దుర్గాప్రసాద్ గారిల్లు తాడేపల్లిలో మా కాలనీకి చివరిది. ఇంటి వెనక ప్రహరీ, ప్రహరీ వెనక కాలువ. ఏటా వానలకి గట్టు కొంచెం కొంచెం జారి కాలువలో కలుస్తోంది. ప్రహరీ పునాది రాళ్లు బయటికొచ్చి కాలువని చూస్తున్నాయి. గోడ పడితే తర్వాత వంటిల్లే.

ఆయన ఎక్కడో చదివి గట్టు పొడుగునా వట్టివేరు గడ్డి వేయించారు. దాని వేళ్లు మనిషి లోతు దిగి మట్టిని పట్టుకుంటాయట. నిజంగానే రెండేళ్లలో దుబ్బులు కట్టింది. గట్టు కదల్లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈ వేసవిలో ఆయన భార్య నాంచారమ్మ గారు ఓ దుబ్బు పీకి, వేళ్లు కడిగి మంచినీళ్ల కుండలో వేశారు. ఇంటికొచ్చినవాళ్లందరికీ గ్లాసుడిచ్చి, "మన గట్టుదే. బజార్లో కొంటే ఈ వాసన రాదు" అన్నారు.

మర్నాటి నుంచి కాలనీ మొత్తానికి వేడి చేసింది.

పక్కింటి గీతాంజలి గారు తలనూనెలోకన్నారు. ఎదురింటి మీరా హుస్సేన్ గారు కూలర్లోకన్నారు. "ఒక్క దుబ్బుకే గట్టు పడిపోద్దా అండీ?" అని అందరూ అడిగారు, ఎవరి దుబ్బు వాళ్లు పట్టుకుని.

దుర్గాప్రసాద్ గారు బోర్డు పెట్టారు: "ఇది వట్టివేరు. పీకరాదు." అప్పటిదాకా అదేం గడ్డో తెలీని వెనక వీధివాళ్లు కూడా గునపాలతో వచ్చారు. వాట్సాప్ గ్రూపులో బతిమాలితే అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు. తెల్లారేసరికి గట్టు మీద ఇంకొన్ని గుంటలు.

వానలు దగ్గరపడ్డాయి. ఆయన బాగా ఆలోచించి, లేని ముప్పు ఒకటి కల్పించి గ్రూపులో పెట్టారు: "మా సెప్టిక్ ట్యాంక్ పగిలి గట్టులోకి ఊరుతోందని ఇప్పుడే తెలిసింది. ఎప్పట్నుంచో తెలీదు."

ఈసారి దణ్ణాలు రాలేదు.

నాంచారమ్మ గారు ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చారు. "ఏవండీ! మరి మనం తాగిందేంటి?"

నిజం చెబితే సాయంత్రానికి గీతాంజలి గారింట్లో ఉంటుంది. "ఏం చేస్తాం, తాగేశాంగా" అన్నారాయన. ఆవిడ కుండ పగలగొట్టి, తలస్నానం చేసి, ఆయనతో మాట్లాడ్డం మానేశారు.

గట్టు వైపు ఇంకెవరూ రాలేదు. గుంటల్లో ఆయన మళ్లీ పిలకలు నాటుకున్నారు. ఆగస్టులో కాలువ నిండుగా పారింది. గట్టు జారలేదు. గోడ నిలబడింది.

మీరా హుస్సేన్ గారు చూడ్డానికొచ్చారు. ప్రహరీకి దూరంగా నిలబడి, "బ్రహ్మాండంగా ఆగిందండీ" అని మెచ్చుకున్నారు.

"లోపలికి రండి, కాఫీ తాగుదాం."

"ఇప్పుడే తాగొచ్చానండి."

"పోనీ మంచినీళ్లు?"

"డాక్టరు బయట నీళ్లు వద్దన్నాడండీ" అంటూ ఎదురింటి నుంచి వచ్చిన హుస్సేన్ గారు సంచిలోంచి సీసా తీశారు.