డ్రమ్ము వెనక ఆరు మొక్కలు

పర్చూరులో రసూల్‌బీ గ్రీన్‌హౌస్ చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు నవ్వుతారు. డాబా మీద నాలుగు సరుగుడు కర్రలు, వాటిపైన పచ్చటి షేడ్‌నెట్, ఓ మూల నీళ్ల డ్రమ్ము. అంతే. నవ్వుకోనీ! రోహిణి కార్తె ఎండల్లోనే ఆ వల కింద టమాటా నారు పెంచి, తొలకరి పడగానే పెరట్లో నాటెయ్యాలని ఆవిడ పంతం. ఊరంతా విత్తనం వేసే రోజుకి ఆవిడ మొక్క జానెడు ఉండాలి. అదీ పురుగుమందు చుక్క తగలకుండా, వట్టి వర్మీకంపోస్టుతో.

ఈ ఏడు పంతంతోపాటు భయం కూడా పట్టుకుంది. ఏటా కాసినవన్నీ కూరకే వాడేయడంతో, కన్నుమూసిన తల్లి దాచిన నాటు టమాటా విత్తనం సీసా అడుక్కి వచ్చేసింది. మిగిలినవి నలభై గింజలు, అవీ పాతబడినవి. ఇవి పోతే ఒంటినిండా గాట్లుండే ఆ పుల్లటి కాయ ఇక ఎక్కడా దొరకదు. ఆ సంగతి తలచుకుంటే ఆవిడకి ముద్ద దిగేది కాదు.

ముప్పై ఆరు మొలిచాయి! రసూల్‌బీ కాళ్లు నేల మీద నిలవలేదు. సాయంత్రం ఈ ఏడే చేరిన పొగాకు గ్రేడింగ్ పని నుంచి రావడం, చెప్పులు విడిచి గబగబా మెట్లెక్కడం, చేతికందిన ప్రతి మొక్కనీ నిమరడం.

"పెళ్లై ముప్పై ఏళ్లయింది. నన్నెప్పుడైనా అలా నిమిరావటే?" అన్నాడు భర్త బుడాన్.

"నువ్వేమన్నా కాయలు కాస్తావా ఏంటయ్యా?"

మూడో వారంలో ఆకుల మీద పసుప్పచ్చ మచ్చలు పడ్డాయి. కొసలు ముడుచుకున్నాయి. ఆవిడ వేప కషాయం చల్లింది. పాపం జబ్బు చేసిందని ఇంకాస్త ఎక్కువగా నిమిరింది. మచ్చలు ఇంకాస్త ఎక్కువయ్యాయి.

చివరికి ఊళ్లో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేసే అఖిలను పిలుచుకొచ్చింది. ఆ అమ్మాయి ఆకుల్ని ఒక్క చూపు చూసి, రసూల్‌బీ చేతులు పట్టుకుంది. వేళ్లనిండా నల్లటి పొగాకు జిగురు.

"పిన్నీ, ఈ చేతుల్తోనే వీటిని ముట్టుకుంటున్నారా?"

"ముట్టుకోవడమేంటమ్మాయ్, ముద్దు చేస్తున్నా!"

"అక్కడే వచ్చింది తంటా. పొగాకులో ఉండే వైరస్ చేతులకంటుకుని టమాటాకి పాకుద్ది. దీనికి మందు లేదు పిన్నీ. మచ్చలున్నవన్నీ పీకి కాల్చెయ్యాల్సిందే. ఇకనుంచి సబ్బుతో కడుక్కుని, చేతులు పాలల్లో ముంచి, అప్పుడు ముట్టుకోండి."

పాలు అనగానే రసూల్‌బీ అక్కడే చతికిలపడింది. వాళ్లమ్మా పొగాకు పనికే వెళ్లేది. ఇంటికి రాగానే ఓ గిన్నెలో కాసిన్ని పాలు పోసుకుని, చేతులు ముంచిగానీ పెరట్లో చెట్టు తాకేది కాదు. వీధిలో అందరూ మహారాణి వచ్చిందని ఎగతాళి చేసేవాళ్లు. ఎందుకమ్మా అని అడిగితే, "మా అమ్మ అలాగే చేసేది" అనేది. అదేదో చాదస్తం అనుకుంది రసూల్‌బీ. విత్తనం సీసా తెచ్చుకుంది, పాలగిన్నె సంగతి మర్చిపోయింది.

ఏడుస్తూనే ఒక్కొక్కటీ పీకింది. ముప్పై. మిగిలిన ఆరూ ఎక్కడున్నాయో అప్పుడు గుర్తొచ్చింది. డ్రమ్ము వెనక మూలకి తోసిన ట్రేలో. ఆవిడ పొట్టి చేతులకి ఆ ట్రే అందదు. ఏనాడూ నిమరలేదు, దూరం నుంచి నీళ్లు చిలకరించి, మీ ఖర్మ అని వచ్చేసేది. వంగి చూసింది. ఆరూ నిగనిగలాడుతూ, మచ్చన్నది లేకుండా ఉన్నాయి. అంత దుఃఖంలోనూ ఆవిడకి ఫక్కున నవ్వొచ్చింది.

ఆ రోజు నుంచి బుడాన్‌కి సాయంత్రం టీ కరువైంది.

"పాలేవే?"

"చేతులకైపోయాయి."

తొలకరికి ఆరూ పెరట్లోకి దిగాయి. ఆగస్టులో విరగకాశాయి. మొదట పండిన కాయల్ని ఒక్కటి కూడా కూరకివ్వకుండా విత్తనానికే ఉంచింది. సీసా మళ్లీ నిండింది.

అద్దంకిలో కాపురముంటున్న కూతురు షాహిస్తా వచ్చి, నాక్కూడా గింజలు కావాలంది. రసూల్‌బీ ఓ చిన్న సీసాలో పోసి, ఆ సీసాని స్టీలు గిన్నెలో పెట్టి చేతికిచ్చింది.

"గిన్నె ఎందుకమ్మా? మా ఇంట్లో లేవా?"

"కూర్చో, ఎందుకో చెప్తా," అంది రసూల్‌బీ. తనకి వాళ్లమ్మ ఆ ఒక్కటే చెప్పలేదు.